కామిక్ కాన్‌కి ప్రాప్ కత్తులు, గన్‌లు తీసుకెళ్ళేవాళ్ళకి

కామిక్స్, సినిమాల అభిమానుల జాతర లాంటి హైదరాబాద్ కామిక్ కాన్‌కి మొదటిసారి కాస్‌ప్లే చేసేవాళ్ళు, అంటే నచ్చిన క్యారెక్టర్ వేషం కట్టేవాళ్ళు, డ్రెస్సు, విగ్గు, మేకప్ గురించే టెన్షన్ పడతారు గానీ గేటు దగ్గర ఆపేది చేతిలో ఉన్న కత్తిని చూసే. రాత్రుళ్ళు కూర్చుని చేసుకున్న ప్రాప్‌ని, అంటే ఆ వేషానికి పట్టుకునే బొమ్మ ఆయుధాన్ని, సెక్యూరిటీ వాళ్ళు పక్కన పెట్టేయమంటే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే చేసేటప్పుడే ఒకటి ఆలోచించుకోండి, మీ క్యారెక్టర్ ఎవరో అస్సలు తెలియని మనిషి ఒక్క సెకను చూస్తే ఇది బొమ్మే అనుకుంటాడా లేదా?

గేటు దగ్గర ప్రాప్‌లని ఆపే రూల్స్ ఊరికే పెట్టలేదు. 2017 మేలో అమెరికాలో ఫీనిక్స్ కామికాన్‌కి ఒకతను నిజం తుపాకులతో వచ్చి దొరికిపోయాడు, ఆ దెబ్బకి ఆ ఏడు ఈవెంట్ మధ్యలోనే ప్రాప్ ఆయుధాలన్నీ బ్యాన్ చేసేశారు, పాపం ఫోమ్‌తో చేసుకొచ్చినవాళ్ళవి కూడా.

ముందు మెటీరియల్ సంగతి. ఇనుము, స్టీలు వద్దు, పదును లేకపోయినా వద్దు. ఆన్‌లైన్‌లో దొరికే డెకరేషన్ కటానాలు (జపాన్ కత్తులు), డ్రామా డ్రెస్సుల షాపులో అద్దెకిచ్చే రేకు కత్తులు అస్సలు వద్దు, ఆ రేకు అంచు గీసుకుంటే చెయ్యి తెగుతుంది. పైగా 1959 ఆయుధాల చట్టం కింద ఉన్న రూల్స్‌లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడ్ ఉన్న కత్తులు ఆయుధాల లిస్టులోనే ఉన్నాయి, ఇంటి పనికీ పొలం పనికీ వాడేవి తప్ప. రోడ్డు మీద పోలీసాయన ఆపితే "కాస్‌ప్లే సార్" అంటే సరిపోదు.

ఈవీఏ ఫోమ్ (మెత్తటి రబ్బరు లాంటి షీటు) తీసుకోండి, బ్లేడ్‌కి 10 ఎంఎం, డిజైన్లకి 2 ఎంఎం. మధ్యలో సన్న పీవీసీ పైపు పెట్టి రెండు వైపులా ఫోమ్ అతికించండి, కానీ పైపు కత్తి మొన దాకా వెళ్ళకూడదు, చివర నాలుగు వేళ్ళ మేర ఉత్త ఫోమే ఉండాలి. ఎవరికైనా తగిలినా అది వంగిపోతుంది. మొనని గుండ్రంగా కోయండి, రెండడుగుల దూరం నుంచి ఫోటోలో అస్సలు తెలియదు. అతికించడానికి ఫెవికాల్ ఎస్ఆర్ లాంటి రబ్బరు గమ్ రెండు వైపులా రాసి, చేతికి అంటుకోనంతగా ఆరాక నొక్కండి. ఈ పని కిటికీలు తీసి చేయండి, ఆ వాసనకి తల తిరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, పొడుగు ప్రాప్ ఏదైనా రెండు మూడు ముక్కలుగా ఊడేలా చేయండి, పైపులో పైపు దూర్చి ఒక స్క్రూ పెడితే చాలు. ఈటె, గద, పెద్ద కత్తి అన్నీ అప్పుడు గిటార్ బ్యాగ్‌లో పట్టేస్తాయి.

గన్ అయితే ఇంకా జాగ్రత్త. బొమ్మ గన్ కొని నల్ల పెయింట్ కొట్టేసేవాళ్ళు చాలామంది, దయచేసి గొట్టం చివర ఆరెంజ్ రంగు మాత్రం కప్పేయకండి, అది బొమ్మ అని తెలిపే గుర్తు. బుల్లెట్లు, పెల్లెట్లు ఏవీ పేలకూడదు, లోపలి స్ప్రింగ్ తీసేయండి. విల్లుకి మెత్తటి ఎలాస్టిక్ తాడు కట్టండి, బాణాలకి ములుకులు వద్దు.

ఇక ప్రయాణం. ఇంటి నుంచి ఈవెంట్ జరిగే హైటెక్స్ దాకా ప్రాప్ బ్యాగ్‌లోనే ఉండాలి, బైక్ వెనక కూర్చుని కత్తి పైకెత్తి పట్టుకోవడాలు వద్దు. మెట్రోలో బ్యాగ్ స్కానింగ్‌లో పెట్టాల్సిందే, ఆపితే ఆపొచ్చు కూడా, పెద్ద ప్రాప్ ఉంటే నలుగురు కలిసి క్యాబ్ మాట్లాడుకోవడం మేలు. కారులో తెచ్చేవాళ్ళు ఎండలో అద్దాలు మూసి ప్రాప్ వదిలేయకండి, గమ్ మెత్తబడి అతుకులు విచ్చుకుంటాయి. వైజాగ్ నుంచో బెంగళూరు నుంచో ఫ్లైట్‌లో వచ్చేవాళ్ళకి, బొమ్మ గన్ అయినా సరే క్యాబిన్ బ్యాగ్‌లో పెట్టకండి, చెక్-ఇన్‌లో వేసే ముందు కౌంటర్‌లో చెప్పండి. ఎల్ఈడీలకి వాడే పవర్ బ్యాంక్ మాత్రం చెక్-ఇన్‌లో వేయకూడదు, మీతోనే ఉండాలి. స్ప్రే పెయింట్, థిన్నర్ ఫ్లైట్‌కీ రైలుకీ రెండిటికీ వద్దు, కావాలంటే ఇక్కడికొచ్చాక కొనుక్కోండి.

ఆ ఏడాది రూల్స్ ఈవెంట్ సైట్‌లో చదవకుండా పని మొదలుపెట్టొద్దు. ప్రాప్ చేస్తున్నప్పుడు తీసిన ఫోటోలు ఫోన్‌లో ఒక ఆల్బమ్‌గా పెట్టుకోండి, ఫోమ్ కోస్తున్న ఫోటో ఒక్కటి చూపిస్తే గేటు దగ్గర పది నిమిషాల వాదన తప్పుతుంది, కాస్‌ప్లే పోటీలో జడ్జిలు అడిగినా పనికొస్తుంది. గార్డు అడిగితే విసుక్కోకుండా ఆయన చేతికే ఇచ్చి నొక్కి చూడమనండి. చూశాక ప్రాప్‌కి ట్యాగ్ కడితే సాయంత్రం దాకా తీయకండి.

లోపల జనంలో నడిచేటప్పుడు కత్తి నిలువుగా, ఒంటికి దగ్గరగా పట్టుకోండి, భుజం మీద అడ్డంగా పెట్టుకుని వెనక్కి తిరిగితే వెనకున్న పిల్లాడి మొహానికి తగులుతుంది. ఫోటోలో కూడా గన్ మనుషుల వైపు గురిపెట్టొద్దు. చిన్నపిల్లలు అడిగితే ఒకసారి పట్టుకోనివ్వండి, కానీ ఒక చెయ్యి మీరు వేసే ఉంచండి. సాయంత్రం అయిపోయాక అలసటగా ఉన్నా సరే ప్రాప్‌ని హాల్లోనే ఊడదీసి బ్యాగ్‌లో పెట్టి జిప్ వేసి, అప్పుడు బయటికి రండి.