కొత్త చేపను గుర్తుపట్టడం, 4వ పాఠం: మచ్చలు ఒకటి చెప్పి డీఎన్ఏ ఇంకొకటి చెబితే

పోయిన పాఠంలో వెన్ను రెక్క ముళ్లు, పక్క గీత మీది పొలుసులు లెక్కపెట్టాం. రెండుసార్లు లెక్కపెడితే రెండు అంకెలు వచ్చాయని బాధపడకండి, అందరికీ అలాగే వస్తాయి. మూడోసారి లెక్కపెట్టండి. ఆ అంకెలతో ఈ రోజు కూడా పని ఉంది.

పగడపు దిబ్బ చేప చనిపోయిన కాసేపటికే రంగు మారడం మొదలవుతుంది. ఆల్కహాల్‌లో వేశాక ఎరుపు, పసుపు దాదాపు పోతాయి, నలుపు మచ్చలే మిగులుతాయి. అందుకే మొదటి పని ఫొటో. వీలైతే బతికుండగా నీళ్లలో ఒకటి తీయండి. తర్వాత చేపను తల ఎడమవైపు ఉండేలా పడుకోబెట్టి, రెక్కలు విప్పి సన్నటి గుండుసూదులతో నిలిపి, పక్కన స్కేలు పెట్టి ఇంకొకటి తీయండి. ఇప్పుడు చేపను తిప్పి, కుడివైపు నుంచి పెసరగింజంత కండ కోసి 95 శాతం ఇథనాల్‌లో వేయండి. చేపను ఫార్మలిన్‌లో (కుళ్లకుండా నిలవ ఉంచే ద్రవం) వేయడం ఆ తర్వాతే. ఫార్మలిన్ డీఎన్ఏను పాడు చేస్తుంది. తొందరలో ఈ వరుస తప్పి ఒక మంచి నమూనాను పోగొట్టుకున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఫొటోకి, కండ సీసాకి, చేపకి ఒకే నంబరు వేయండి.

ఇక డీఎన్ఏ. చేపల్లో ఎక్కువగా చదివేది కణ కేంద్రకం బయట, మైటోకాండ్రియాలో ఉండే సీఓఐ అనే జన్యువులో సుమారు 650 అక్షరాల (డీఎన్ఏలోని ఏ, టీ, జీ, సీ) ముక్క. రెండు చేపల ముక్కలను ఒకదాని కింద ఒకటి పేర్చి, తేడా ఉన్న అక్షరాలు లెక్కపెట్టి, మొత్తంతో భాగిస్తే శాతం వస్తుంది. 650లో 13 తేడాలంటే 2 శాతం. ఆస్ట్రేలియా చేపలు 207 జాతుల మీద 2005లో వచ్చిన అధ్యయనంలో ఒకే జాతి చేపల మధ్య సగటు తేడా 0.39 శాతం, ఒకే ప్రజాతిలోని (దగ్గరి బంధువులైన జాతుల గుంపు) వేర్వేరు జాతుల మధ్య 9.93 శాతం. ఇంత ఎడం చూడగానే 2 శాతం దాటితే కొత్త జాతి అని రాసేయాలనిపిస్తుంది. రాయకండి, అవి సగటులు మాత్రమే.

కరీబియన్‌లోని హామ్లెట్ చేపలనే చూడండి. ఒకటి నీలం, ఒకటి పసుపు, ఒకటి నల్లటి అడ్డపట్టీలతో ఉంటుంది. ఎక్కువగా తమ రంగువాటితోనే జత కడతాయి. సీఓఐ చదివితే మాత్రం వాటిని విడదీయలేం. అవి విడిపోయి ఎంతో కాలం కాలేదు. పైగా సీఓఐ తల్లి నుంచి మాత్రమే వస్తుంది, కాబట్టి ఎప్పుడో జరిగిన సంకరం కూడా లెక్కను తప్పుదారి పట్టించగలదు. ఇలాంటి చోట కణ కేంద్రకంలోని జన్యువులు కూడా చదవాలి.

మచ్చలూ మోసం చేస్తాయి. ఎంపరర్ ఏంజెల్‌ఫిష్ పిల్ల ముదురు నీలం మీద తెల్లటి వలయాలతో ఉంటుంది, పెద్దదానికి పసుపు గీతలు. రెండింటినీ పక్కపక్కన పెడితే ఒకే చేప అంటే నమ్మబుద్ధి కాదు. చాలా రాస్ చేపల్లో ఆడది మగదిగా మారుతూ రంగు కూడా మార్చుకుంటుంది.

మాల్దీవుల గులాబీ రంగు ఫెయిరీ రాస్ కథ ఇక్కడ బాగా పనికొస్తుంది. 1990లలోనే శాస్త్రవేత్తలు దాన్ని పట్టారు. కానీ చాగోస్ దీవుల్లో దొరికిన ఒకే ఒక్క పిల్ల చేపతో అంతకుముందే పేరు పెట్టిన మరో జాతికి ఇది పెద్ద రూపం అనుకున్నారు. పిల్లను పెద్దదానితో పోల్చితే తేడా ఎక్కడ తేలుతుంది? తర్వాత పెద్దవాటినీ పిల్లలనూ విడివిడిగా చూసి, మగవాటి రంగు, వెన్ను ముళ్ల ఎత్తు, పొలుసుల సంఖ్య, డీఎన్ఏ అన్నీ కలిపి పోల్చారు. 2022లో అది సిర్రిలాబ్రస్ ఫినిఫెన్మా అయింది. మాల్దీవుల ధివేహి భాషలో ఫినిఫెన్మా అంటే గులాబీ.

కాబట్టి పోల్చేటప్పుడు ఈడుకు ఈడు, మగకు మగ. డీఎన్ఏతో పాటు కనీసం ఒక శరీర లక్షణం కూడా తేడా చూపిస్తేనే నేను ముందుకు వెళ్తాను.

ఇంటిపని: ఒక దిబ్బ నుంచి క1, క2, ఇంకో దిబ్బ నుంచి గ1, గ2 అనే చేపలు దొరికాయి. 650 అక్షరాల్లో క1, క2 మధ్య 2 తేడాలు, గ1, గ2 మధ్య 3. క చేపలకూ గ చేపలకూ మధ్య 26. క రెండూ పసుపు తోక ఉన్న పెద్ద మగవి. గ రెండూ పిల్లలు, తోక తెలుపు. శాతాలు కట్టండి. తర్వాత ఏ అంకెను నమ్ముతారో, ఏ మచ్చను పక్కన పెడతారో, ఆ దిబ్బకు మళ్లీ వెళ్తే ఏ చేపకోసం వెతుకుతారో మూడు వాక్యాల్లో రాయండి. 5వ పాఠం ఈ జవాబుతోనే మొదలవుతుంది.