టైర్లకు గాలి పట్టే సీఓటూ సిలిండర్: సెట్టు బిగించుకునే పద్ధతి

స్వర్ణముఖి నది ఇసుకలోకి బండి దించాలంటే టైర్లలో గాలిని 32 నుంచి 18 పీఎస్ఐకి తగ్గించక తప్పదు. తగ్గించడం ఎంతసేపు! తారు రోడ్డెక్కే ముందు నాలుగింటికీ మళ్ళీ పట్టాలి, చిక్కంతా అక్కడే. బ్యాటరీకి తగిలించే చిన్న 12 వోల్టుల కంప్రెసర్ మన ఏప్రిల్ ఎండకు రెండో టైరు దగ్గరే వేడెక్కి మొరాయిస్తుంది. ఏడాదికి ఒకట్రెండుసార్లు వెళ్ళేవాళ్ళు దాన్నే కాసేపు చల్లార్చుకుంటూ వాడుకోవడం మేలు. నెలనెలా, అదీ నాలుగైదు బండ్లతో వెళ్ళేవాళ్ళకైతే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ పనికొస్తుంది.

ముందు లెక్క చూద్దాం. 255/65 ఆర్18 టైరు లోపల సుమారు 65 లీటర్ల చోటుంటుంది. 14 పీఎస్ఐ పెంచాలంటే 60 లీటర్ల పైచిలుకు గ్యాస్ కావాలి. కిలో సీఓటూ బయటికొస్తే దాదాపు 550 లీటర్లవుతుంది. అంటే టైరుకు 115 గ్రాములు, బండికి అరకిలో లోపే. 4.5 కిలోల సిలిండర్ ఉంటే, వృథా పోనూ, ఎనిమిది బండ్లకు సరిపోతుంది.

సిలిండర్ పెసో (పేలుడు పదార్థాలు, గ్యాస్ సిలిండర్ల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆమోదం ఉన్నదే తీసుకోండి. భుజం మీద ఖాళీ బరువు, టెస్టు తేదీ కొట్టి ఉంటాయి. టెస్టై అయిదేళ్ళు దాటితే వద్దు. మంటలార్పే సీఓటూ సిలిండర్ చవగ్గా దొరికినా కొనకండి. సిలిండర్‌లో సీఓటూ అడుగున ద్రవంగా, పైన గ్యాస్‌గా ఉంటుంది. మంటలార్పేదాని లోపల అడుగుదాకా గొట్టం ఉంటుంది, నిలబెట్టి తెరిచినా గ్యాస్ బదులు ద్రవమే వస్తుంది. ఎల్‌పీజీ సిలిండర్‌నో, ఫ్రిజ్ గ్యాస్ డబ్బానో గాలి ట్యాంకుగా మార్చే ఆలోచన అసలే వద్దు. ఆక్సిజన్ సిలిండర్ సంగతీ అంతే, నూనె తగిలితే అంటుకుంటుంది. వెల్డింగ్ షాపులకూ సోడా తయారీవాళ్ళకూ సీఓటూ వేసే డీలర్ దగ్గరే నింపించండి. ఒక సిలిండర్‌లోంచి ఇంకోదానికి ఇంట్లో వంచుకునే పని పెట్టుకోవద్దు.

ఎక్కువమంది తప్పు చేసేది రెగ్యులేటర్ దగ్గర. వెల్డింగ్‌కి వాడేదాంట్లో నిమిషానికి ఇన్ని లీటర్లని చూపే ఫ్లోమీటర్ ఉంటుంది. దాంతో టైరు నింపబోతే అక్కడే తెల్లారుతుంది. మీక్కావలసింది బయటికొచ్చే ఒత్తిడిని బార్‌లలో (ఒక బార్ సుమారు 14.5 పీఎస్ఐ) చూపే, 10 బార్ దాకా ఇవ్వగల సీఓటూ రెగ్యులేటర్. దాని తర్వాత పావు అంగుళం టీ (మూడు నోళ్ళ జాయింటు), దానికి ఒకవైపు 10 బార్ దగ్గర తెరుచుకునే సేఫ్టీ వాల్వ్, రెండోవైపు క్విక్ కప్లర్ (పైపును చటుక్కున తగిలించి తీసే జాయింటు), అక్కణ్ణుంచి 20 బార్‌ను తట్టుకునే 8 మిల్లీమీటర్ల రబ్బరు పైపు 8 మీటర్లు, చివర మీటరున్న క్లిప్పు నాజిల్. సేఫ్టీ వాల్వ్ దండగనుకోవద్దు. రెగ్యులేటర్‌లో ఇసుక రేణువు చిక్కినా, మంచు గడ్డకట్టినా, సిలిండర్‌లోని 60, 70 బార్లు నేరుగా పైపు మీద పడతాయి.

బిగించే ముందు సిలిండర్ వాల్వును ఒక్క క్షణం తెరిచి మూస్తే నోట్లోని దుమ్ము ఎగిరిపోతుంది. ఆ సమయంలో ఎదురుగా నిలబడకండి. సిలిండర్‌కీ రెగ్యులేటర్‌కీ మధ్య ఆపేది వాషరే, అక్కడ టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. మిగతా సన్నబడే మరలకు మూడు నాలుగు చుట్లు చాలు, చివరి మర వదిలేయండి, లేదంటే తెగిన టేపు ముక్క లోపలికి పోతుంది. రెగ్యులేటర్ నాబ్ పూర్తిగా వదులు చేసి, వాల్వ్ మెల్లగా తెరిచి, నాబ్‌ను 7 బార్ల దాకా బిగించండి. ప్రతి జాయింటుకూ సబ్బు నురగ పూసి చూడండి.

సిలిండర్ నిటారుగా ఉండాలి. పడుకోబెట్టి వాడితే ద్రవం రెగ్యులేటర్‌లోకెళ్ళి గడ్డకడుతుంది. నిలబెట్టినా వరసగా ఆరేడు టైర్లు కొడితే మంచు పట్టడం మామూలే. అయిదు నిమిషాలు ఆగండి, వేణ్ణీళ్ళు పోయకండి. టైరులోకెళ్ళే గ్యాస్ చల్లగా ఉంటుంది కాబట్టి కాసేపటికి వేడెక్కి ఒకట్రెండు పీఎస్ఐ పెరుగుతుంది. పది నిమిషాలాగి మళ్ళీ కొలవాలి. సీఓటూ రబ్బరులోంచి మామూలు గాలికన్నా త్వరగా జారిపోతుంది, ఇంటికొచ్చాక వారం వారం చూసుకోవాలి.

ఇంకెంత మిగిలిందో రెగ్యులేటర్ మీద సిలిండర్ ఒత్తిడి చూపే మీటరు చెప్పదు. లోపల ద్రవం ఉన్నన్నాళ్ళూ అది చూపేది వేడినే: 20 డిగ్రీల ఉదయం 57 బార్, 30 డిగ్రీలకు 72. నిండుగా ఉన్నా పావు ఉన్నా అంతే. తాడుకు వేలాడదీసే కాటాతో తూచి, ఖాళీ బరువు తీసేయండి, అదే మీ లెక్క.

31 డిగ్రీలు దాటితే లోపల ద్రవం, గ్యాస్ అన్న తేడా ఉండదు, ఒత్తిడి వేగంగా ఎక్కుతుంది. అందుకే 4.5 కిలోల సిలిండర్‌లో అంతకు మించి పోయించకండి. మే ఎండలో అద్దాలెత్తి నిలిపిన బండిలో వదిలితే సేఫ్టీ డిస్కు (ఒత్తిడి హద్దు మీరితే పగిలే వాల్వులోని రేకు) చిట్లి గ్యాసంతా లోపలే నిండుతుంది: దాదాపు 2,500 లీటర్లు, వాసనా రంగూ లేకుండా. మనిషి నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. ప్రయాణంలో రెండు క్లాంపులతో బోల్టు వేసి బిగించండి, రెగ్యులేటర్ విప్పి వాల్వుకు మూత పెట్టండి, అద్దాలు కొంచెం దించండి. ఇంటికి రాగానే దించి నీడలో పెట్టండి. తిరుమల ప్రయాణమైతే ఇంట్లోనే ఉంచండి. అలిపిరి దగ్గర సామానంతా తనిఖీ చేస్తారు, క్యూలో నిలబడి సిలిండర్ గురించి సంజాయిషీ చెప్పుకోవడం ఎందుకు?