అక్వేరియంలో సన్న పురుగులా? చెయ్యి పెట్టే ముందు చూసుకోవాల్సినవి

ముందు టార్చ్ వేసి పురుగును దగ్గరగా చూడండి. తెల్లటి దారంలా నీళ్లలో మెలికలు తిరుగుతుంటే టెన్షన్ వద్దు. మిగిలిన మేత తిని బతికేవి, చేపలకు హాని చేయవు. బాణం మొనలాంటి తల, రెండు కంటి చుక్కలతో అద్దం మీద జారుతుంటే అది ప్లనేరియా అనే చదునైన పురుగు. దాన్ని అస్సలు నలపకండి, తెగిన ముక్కలు మళ్లీ పురుగులవుతాయి.

• మేత తగ్గించండి. అసలు కారణం చాలాసార్లు మేత ఎక్కువవడమే.

• హీటర్ ప్లగ్ తీశాకే నీళ్లు తోడండి, పావు వంతు చాలు. నీళ్లు లాగే సైఫన్ పైపును నోటితో పీల్చొద్దు.

• కుళాయి నీళ్లలో క్లోరిన్ పోగొట్టాకే పోయండి.

• ఫిల్టర్ స్పాంజ్ అదే రోజు కడగొద్దు.

• పురుగులను చంపే మందు ఫెన్‌బెండజోల్ వాడేటట్లయితే నత్తలను ముందే వేరే తొట్టిలోకి మార్చండి, వాటికి ప్రమాదం. చచ్చిన పురుగులు కుళ్లితే అమ్మోనియా పెరుగుతుంది కాబట్టి టెస్ట్ కిట్ దగ్గర పెట్టుకోండి, ఎయిర్ పంప్ ఆపకండి.