వేటకు వెళ్లే ముందు: పడవ డీజిల్ ఇంజను కొత్తగా చేతికి వచ్చినవారికి జాగ్రత్తలు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15న మొదలైన వేట నిషేధం 61 రోజుల తర్వాత జూన్ 14తో ముగుస్తుంది. ఆ మర్నాడు ఒడిశా గంజాం జిల్లాలోని గోపాల్‌పూర్, ఆర్యపల్లి, సోనాపూర్ ఒడ్డుల నుంచి పడవలు మళ్లీ కదులుతాయి. ఇంచుమించు అవే రోజుల్లో నైరుతి రుతుపవనాలు గంజాం తీరాన్ని తాకుతాయి. రెండు నెలలు తిరగని ఇంజను పొంగుతున్న సముద్రంలోకి వెళ్లే సమయం అది. ఋషికుల్య నదీముఖం చుట్టుపక్కల తాబేళ్ల రక్షణ కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు ఉండే నిషేధం వల్ల కొన్ని ఇంజన్లు ఇంకా ఎక్కువ కాలం ఊరికే పడి ఉంటాయి.

తెరచాపతో పాటు డెక్కు కింద చిన్న డీజిల్ ఇంజను కూడా ఉన్న పడవను ఈ ఏడాదే చూసుకోవడం మొదలుపెట్టిన వారి కోసం ఇది రాస్తున్నాను. పనులన్నీ మే నెలలోనే, ఒడ్డునే, మీ చేతులతోనే చేయండి. బరంపురం నుంచి మేస్త్రిని పిలిపించినా సరే, ఆయన ఒకసారి చేశాక అదే పని ఆయన ముందే మీరు మళ్లీ చేయండి. నదీముఖంలో ఇంజను ఆగినప్పుడు మేస్త్రి మీ పక్కన ఉండడు.

డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండర్‌లో గట్టిగా నొక్కుకుపోయిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి నాజిల్ చల్లిన డీజిల్ తుంపర మండుతుంది. శుభ్రమైన గాలి, శుభ్రమైన డీజిల్, చల్లబరిచే నీరు అందినంత సేపూ అది తిరుగుతూనే ఉంటుంది. కొత్తవారికి నాజిల్‌కు ఒత్తిడితో డీజిల్ పంపే ఇంజెక్షన్ పంపు, నాజిళ్లు విప్పి చూడాలని ఉబలాటం కలుగుతుంది. వాటి జోలికి వెళ్లకండి. సముద్రం మధ్యలో ఇంజను ఆగిందంటే నేను ముందు అనుమానించేది ట్యాంకునే.

ట్యాంకును సగం ఖాళీగా వదిలి పడవను ఒడ్డుకు ఎక్కిస్తే, మన తీరపు తేమ గాలి రాత్రి చల్లబడి ట్యాంకు లోపలి గోడల మీద చెమర్చుతుంది. ఆ చుక్కలు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగుకు దిగుతాయి. నీరూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు మడ్డి తయారవుతుంది. ఒడ్డున స్టార్టు చేస్తే ఇంజను హాయిగా తిరుగుతుంది, మడ్డి అడుగున కదలకుండా ఉంది కనుక. పడవ పెద్ద కెరటాల మీద ఊగగానే ఆ మడ్డంతా లేచి ఫిల్టర్‌ను మూసేస్తుంది. ఇంజను అత్యవసరమైన చోటే ఆగిపోవడానికి కారణం ఇదే. అందుకే ఒడ్డున గంటసేపు తిరిగింది కదా అని ధైర్యపడవద్దు.

పడవను పక్కన పెట్టేటప్పుడు ట్యాంకును దాదాపు నిండుగా ఉంచండి. మళ్లీ తీసేటప్పుడు, నీటిని వేరు చేసే ఫిల్టర్ గిన్నె అడుగున ఉన్న మరను వదులు చేసి, వచ్చినదాన్ని తెల్లని గాజు సీసాలో పట్టండి. నీరు అడుగున, డీజిల్ పైన స్పష్టంగా కనిపిస్తాయి. ఒట్టి డీజిల్ వచ్చే వరకు తీస్తూనే ఉండాలి. ట్యాంకు అడుగున మర ఉంటే అక్కడా ఇలాగే చేయండి, లేకపోతే చేతిపంపుకు సన్నని గొట్టం తగిలించి అడుగు నుంచి తోడండి. తర్వాత ఈ ఫిల్టరూ, ఇంజను మీది ఫిల్టరూ రెండూ కొత్తవి వేసి, మరో రెండు జతలు పడవలో ఉంచుకోండి. డెక్కు మీద డీజిల్ పోసే మూత రబ్బరు రింగు ఎండి పగిలితే వాన నీరు, కెరటం నీరు నేరుగా ట్యాంకులోకి పోతాయి. చవకైన ఆ రింగును మార్చకుండా ఫిల్టర్లు ఎన్ని మార్చినా ప్రయోజనం లేదు.

ఫిల్టర్ మార్చినప్పుడు లైనులోకి గాలి చేరుతుంది. గాలి చేరితే ఇంజను స్టార్టు కాదు. ఆ గాలిని తీయడమే కొత్తవారు అన్నిటికంటే ముందు నేర్చుకోవలసిన పని. ఇంజను మీద ఉన్న ఫిల్టర్ నెత్తిన చిన్న మర ఉంటుంది. దాన్ని రెండు చుట్లు వదులు చేసి, డీజిల్ పంపు పక్కనున్న చిన్న లివరును చేత్తో పైకీ కిందికీ ఆడించండి. ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి ఒట్టి డీజిల్ వస్తుంది. అప్పుడు మర బిగించి, ఇంజెక్షన్ పంపు మీది మర దగ్గర కూడా ఇలాగే చేయండి. లివరు ఆడించినా బలం తగలకపోతే పంపు చెడిందని కంగారుపడకండి. పంపును ఆడించే లోపలి క్యామ్ పైకి ఎత్తి ఉండవచ్చు. ఇంజనును ఒక చుట్టు తిప్పితే లివరు మళ్లీ పనిచేస్తుంది. ఒడ్డున పగటి వెలుగులో ఒకటికి నాలుగుసార్లు చేసి, ఆ తర్వాత చీకట్లో టార్చి వెలుతురులో చేయండి. ఏ మరకు ఏ నంబరు స్పానరు పడుతుందో కాగితం మీద రాసి ఇంజను పెట్టె మూత లోపల అంటించండి.

ఈ సమయంలోనే జరిగే పెద్ద నష్టం ఒకటుంది. సముద్రపు నీటితో చల్లబడే ఇంజన్లలో, వాడిన నీరు పొగ గొట్టంలోకే పోతుంది. ఇంజను తిరుగుతుంటే పొగ ఒత్తిడి ఆ నీటిని బయటికి తోసేస్తుంది. స్టార్టు కాని ఇంజనును అదేపనిగా తిప్పుతూ ఉంటే నీరు సైలెన్సర్‌లో నిండి, వెనక్కి తన్ని సిలిండర్లలోకి చేరుతుంది. రెండు మూడు ప్రయత్నాల్లో స్టార్టు కాకపోతే నీరు లోపలికి వచ్చే వాల్వు మూసి, అప్పుడు మళ్లీ తిప్పండి. ఇంజను అందుకున్న క్షణంలోనే వాల్వు తెరవాలి. మరిచిపోతే నీటి పంపులోని ఇంపెల్లర్ కాలిపోతుంది, అది తడి లేకుండా ఎక్కువసేపు తిరగలేదు. వాల్వు మూసినప్పుడు ఇంజను తాళంచెవిని వాల్వు పిడికే వేలాడదీసే అలవాటు చేసుకోండి.

రబ్బరు రెక్కలున్న ఆ చిన్న చక్రమే ఇంపెల్లర్. ఏడాదికోసారి మార్చండి. రెక్కలు ఎటు వంగి ఉన్నాయో తీసే ముందే ఫోనులో ఫోటో తీసుకోండి. కొత్తదానికి సబ్బు నీళ్లో గ్లిజరినో రాయండి, గ్రీజు వద్దు. పాతదానికి ఒక రెక్క తక్కువైతే ఆ ముక్క ఎక్కడో నీటి దారికి అడ్డుపడి ఉంటుంది. అది దొరికే వరకు వెతకాలి. స్టార్టు చేసిన ప్రతిసారీ వెనక్కి వెళ్లి పొగ గొట్టం నుంచి నీరు పడుతోందా అని చూడండి. పడకపోతే వెంటనే ఆపండి. ఇంజను వేడెక్కిందని తెలిశాక ఇంజనును లోపల చల్లబరిచే మంచినీరు పోసే మూతను అప్పటికప్పుడు తెరవకండి, ఆవిరి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

ఇక ఒంటికి ముప్పు తెచ్చేవి. నాజిల్‌కు వెళ్లే సన్నని గొట్టాల్లో ఒత్తిడి చాలా ఎక్కువ. తిరుగుతున్న ఇంజనులో ఆ గొట్టం ఎక్కడ కారుతోందో వేలితో తడిమి చూడవద్దు. సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిగుచ్చినంత గాయమే కనబడుతుంది, నొప్పి కూడా మొదట్లో ఉండకపోవచ్చు, కానీ లోపల కండ చచ్చిపోతుంది. గాయం చిన్నదే కదా అని ఇంటికి వెళ్లకుండా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లి, ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయిందని చెప్పండి. లీకు చూడటానికి అట్టముక్క చాలు. బెల్టు దగ్గర పని చేసేటప్పుడు లుంగీ, తువ్వాలు, మెడలో తాడు ఏవీ వేలాడకూడదు. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగెటివ్ వైరు తీయండి. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆపవద్దు, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు పోతాయి.

ఆయిల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రోజూ స్టార్టు చేసే ముందు కొలపుల్ల చూడండి. ఆయిల్ పాలలా తెల్లబడితే నీరు కలిసిందని అర్థం, ఇంజను తిప్పకండి. పాత ఆయిల్‌లో ఆమ్లం చేరి ఉంటుంది కాబట్టి పడవను పక్కన పెట్టే ముందే మార్చాలి. తీసిన ఆయిల్‌ను డబ్బాలో పట్టి ఊళ్లోకి తీసుకెళ్లండి. తాబేలు పిల్లలు నీళ్లలోకి దిగే ఆ ఇసుకలో ఒక్క చుక్క కూడా పోయవద్దు. నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా నీటిలో పడవను తోసే పంకాకు వల చుట్టుకుని బరువు పెరిగింది. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోంది.

విడిభాగాలకు బరంపురం వెళ్లేటప్పుడు పాత భాగాన్ని, ఇంజను మీద దాని వివరాలు ఉన్న రేకు ఫోటోను వెంట తీసుకెళ్లండి. ఒడియాలో పేరు తెలియకపోయినా పని జరుగుతుంది.

సముద్రంలో ఇంజను ఆగితే చేయి ముందు స్పానరు మీదికి పోకూడదు. ఒడ్డు దగ్గరైతే లంగరు వేయండి, లోతు ఎక్కువై గాలి ఉంటే తెరచాప ఎత్తండి. పడవ నిలదొక్కుకున్నాకే ఇంజను పెట్టె తెరవాలి. లంగరు తాడు వలల కింద ఇరుక్కుని ఉంటే ఈ మాటలన్నీ వృథా. తీర రక్షక దళం నంబరు 1554ను పడవలో అందరూ ఫోనులో పెట్టుకోవాలి. రేడియో ఉంటే 16వ ఛానెల్.

అక్టోబరుకు ముందు ఇంకొక విడత జాగ్రత్త కావాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాయి. హెచ్చరిక రాగానే పడవను పైకి లాగి, వాల్వు మూసి, పొగ గొట్టానికి గుడ్డ ముడి బిరడాగా కొట్టి, దాని గుర్తు స్టార్టు మీట దగ్గర కట్టండి. బ్యాటరీని ఇంటికి తెచ్చుకోండి. ఇంత చేసినా ఇంజను ఉప్పునీట మునిగితే, ఆడుతుందేమో అని స్టార్టు చేయకండి. ఆయిల్ మొత్తం తీసేసి మంచినీటితో కడగాలి. నాజిళ్లు విప్పి, ఇంజనును చేత్తో తిప్పి, సిలిండర్లలోని నీటిని వెళ్లగొట్టి, లోపల కొత్త ఆయిల్ పోయాలి. నాజిళ్లు విప్పక తప్పని సందర్భం ఇదొక్కటే. మేస్త్రిని ఆ రోజే పిలవండి, మర్నాటికి తుప్పు మొదలవుతుంది.