ఎలక్ట్రిక్ గిటార్‌కి ఎక్కువకాలం నిలిచే స్ట్రింగ్స్ ఎలా ఎంచుకోవాలి?

కొత్త స్ట్రింగ్స్ కొనాలనగానే అందరూ అడిగేది ఒక్కటే, ఏ కంపెనీవి మంచివని. అంతకంటే ముందు తేలాల్సింది మీ పాత స్ట్రింగ్స్ ఎందుకు పోయాయన్నది. చెమటకి తుప్పుపట్టినవీ బ్రిడ్జ్ (గిటార్ ఒంటిమీద స్ట్రింగ్స్ ఆనే భాగం) దగ్గర తెగినవీ ఒకటి కావు, వాటికి మందూ ఒకటి కాదు.

కావలసినవి: మెత్తటి నూలుగుడ్డ, కటింగ్ ప్లేయర్, ఫోన్‌లో ట్యూనర్ యాప్.

1. ఇప్పుడున్న గేజ్‌నే, అంటే అదే మందమున్న సెట్‌నే కొనండి. 10-46 అంటే సన్నటి స్ట్రింగ్ అంగుళంలో వెయ్యింట 10 వంతులు, మందపుది 46 వంతులు. గేజ్ మారితే టెన్షన్ మారుతుంది, ఫ్లోటింగ్ బ్రిడ్జ్ (స్ప్రింగుల మీద కదిలేది) ఉన్న గిటార్ అయితే బ్రిడ్జ్ పైకో కిందికో వాలిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం 10-46 తీసుకోండి, వేరే మాట లేదు.

2. ప్యాకెట్ మీద ‘ఎలక్ట్రిక్’ అని ఉందో లేదో చూడండి. షాపులో కోటెడ్ (పైన సన్నటి రక్షణ పొర ఉన్నవి) కావాలని అడిగితే చాలాసార్లు అకౌస్టిక్ ప్యాకెట్ చేతిలో పెడతారు. ‘బ్రాంజ్’ అన్న మాట కనిపిస్తే వెనక్కిచ్చేయండి. స్ట్రింగ్ కదలికని పట్టుకునే పికప్ పనిచేసేది అయస్కాంతంతో, కంచు దానికి అంటదు. నికెల్ ప్లేటెడ్ స్టీల్ మనకి సరైనది.

3. ఇప్పుడు పాతవాటికి పోస్ట్‌మార్టం. అందరూ ఎగ్గొట్టేది ఇదే, డబ్బులు పోయేదీ ఇక్కడే.

స్ట్రింగ్స్ విప్పకముందే గిటార్‌ని కిటికీ వెలుతురులోకి తీసుకెళ్లండి. సన్నటి మూడింటినీ గుడ్డతో గట్టిగా తుడవండి. గుడ్డమీద గోధుమరంగు చార పడితే తుప్పు, నల్లటి చార అయితే జిడ్డూ చెమటా కలిసిన మురికి. తర్వాత వేలిగోరుని స్ట్రింగ్ అడుగున పెట్టి, ఫ్రెట్‌ల (మెడమీది అడ్డకమ్మీల) మీదుగా మెల్లగా జరపండి. గోరు టక్కున తట్టుకున్న చోట గుంట పడిందన్నమాట.

తుప్పూ మురికీ మీ సమస్య అయితే కోటెడ్ కొనండి. ఖరీదు ఎక్కువే, అయినా అరచేతులు చెమర్చేవాళ్లకి గిట్టుబాటు అవుతుంది. నా ఓటు ఎలిక్సర్‌కి. వాన కోట్లకి వాడే గోర్‌టెక్స్ గుడ్డ తయారుచేసే గోర్ కంపెనీదే అది. వాటిలో పాలీవెబ్ పొర మందం, చేతికి జారినట్టుంటుంది. ఆప్టీవెబ్ మామూలు స్ట్రింగ్‌కి దగ్గరగా ఉంటుంది. నానోవెబ్ రెండింటికీ మధ్యస్థం, అదే తీసుకోండి. డడారియో కంపెనీ ఎక్స్‌ఎస్ కూడా కోటెడే.

గుంటలు పడితే కథ వేరు. అవి ఫ్రెట్ రాపిడివల్ల వచ్చేవి, కోటింగ్ ఉన్నా పడతాయి. పైకి తళతళలాడుతున్నా గుంట పడిన స్ట్రింగ్‌కి శ్రుతి కుదరదు, మార్చేయాల్సిందే. కోటెడ్ కొన్నాం, ఇక ఏడాదిదాకా చూడక్కర్లేదనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. స్టెయిన్‌లెస్ స్టీల్ గట్టిగా ఉంటుంది, తుప్పూ తక్కువే. కానీ మామూలు ఫ్రెట్‌లని త్వరగా అరగదీస్తుంది. స్ట్రింగ్స్ మీద మిగిల్చి ఫ్రెట్‌ల మీద పోగొట్టుకోవడం తెలివైన బేరం కాదు.

తెగిందంటే ఎక్కడ తెగిందో చూడండి. ఎప్పుడూ ఒకే స్ట్రింగ్, ఒకే శాడిల్ (బ్రిడ్జ్ మీద ఒక్కో స్ట్రింగ్ ఆనే గాడి ముక్క) దగ్గర తెగుతుంటే తప్పు స్ట్రింగ్‌ది కాదు, శాడిల్ అంచు గరుగ్గా ఉంది. ఎంత ఖరీదైన సెట్ వేసినా తెగుతుంది. సన్నటి ఎమరీ పేపర్ మడతపెట్టి, ఆ అంచుని నాలుగైదుసార్లు తేలిగ్గా రుద్దండి. గాడి లోతైతే స్ట్రింగ్ కిందికి దిగి గరగరలాడుతుంది, కాబట్టి నమ్మకం లేకపోతే రిపేరు చేసేవాళ్లకే ఇవ్వండి. శాడిల్ నున్నగానే ఉన్నా బెండ్‌లకి (స్ట్రింగ్‌ని పక్కకి లాగి వాయించేటప్పుడు) తెగుతుంటే డడారియో ఎన్‌వైఎక్స్‌ఎల్ వేయండి. దానికి కోటింగ్ లేదు, ఉన్నది గట్టి ఉక్కు. తుప్పు సమస్య ఉన్నవాళ్లు దాన్ని కొని లాభం లేదు.

అన్నట్టు, బెజవాడ ఎండలకి ఇంటింటా కూలర్ తిరుగుతుంది. గిటార్‌ని స్టాండ్ మీద ఆ గాలికి ఎదురుగా పెట్టేవాళ్లు ఎంతమందో! అది తడిగాలి. రోహిణీ కార్తెలో ఎండకంటే స్ట్రింగ్స్‌కి శత్రువు ఆ కూలరే. గిటార్ బ్యాగులోకి వెళ్లాలి. పాత స్ట్రింగ్స్‌ని నీళ్లలో మరగబెట్టడం, కొబ్బరినూనె రాయడం కూడా మానండి. మరగబెడితే మురికి వదులుతుంది, గుంట పూడదు. నూనె రాస్తే దుమ్ము అతుక్కుంటుంది.

4. బిగించడం తేలికే. ఒక్కొక్కటీ విప్పుతూ ఆ చోట కొత్తది వేసుకుంటూ రండి. వాయించాక అడుగువైపు కూడా తుడవండి. కొన్నాళ్లకి పిక్ తగిలే చోట కోటింగ్ పీచులా లేస్తుంది, దాన్ని పీకొద్దు. మందపు స్ట్రింగ్స్ కొస కోయాలంటే ముందు అది చుట్టుకునే పోస్టు దగ్గర వంచి, ఆ మలుపు దాటాకే కోయండి. నిటారుగా ఉండగానే కోస్తే పైన చుట్టిన తీగ వదులై, కొత్త స్ట్రింగ్ కూడా మొద్దుగా పలకొచ్చు.