గోదాములో సరుకు తగ్గుతోందా? లెక్కల నుంచి నిఘా దాకా విచారణ సాగించే పద్ధతి

సరుకు లెక్క తప్పుతోందని గుమాస్తా చెప్పగానే యజమానులు చాలామంది చేసే మొదటి పని ఒక ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీకి ఫోన్ చేసి, స్టోర్ కీపర్ వెనక ఒక మనిషిని పెట్టమని అడగడం. నిజానికి అది విచారణలో చివరి దశకు చెందిన పని. ఎవరిని, ఏ రోజు, ఏ వేళ, ఏ గేటు దగ్గర గమనించాలో తెలియకుండా పెట్టిన నిఘాకు ఖర్చు పెరుగుతుందే తప్ప సాక్ష్యం దొరకదు. పైగా నాలుగో రోజుకల్లా ఆ సంగతి గోదాములో అందరికీ తెలిసిపోతుంది. సబ్బులు, నూనెలు, బిస్కట్ల వంటి సరుకును కొట్లకు పంపిణీ చేసే డిస్ట్రిబ్యూటర్ గోదామును ఉదాహరణగా తీసుకొని, ఈ పని ఏ వరుసలో సాగాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట తేలవలసింది అసలు అది దొంగతనమా కాదా అన్నది. మిర్చి, చింతపండు వంటి సరుకు నిల్వలో తేమ కోల్పోయి బరువు తగ్గుతుంది కనుక, అటువంటి చోట వ్యాపారంలో ఒప్పుకునే తరుగును తీసివేసిన తరువాతే మిగిలిన తేడా గురించి మాట్లాడాలి. ప్యాకెట్ల సరుకులో తరుగు ఉండదు గానీ లెక్క వేరే దారిలో తప్పుతుంది. కంపెనీ ఇన్‌వాయిస్ కేసుల్లోను (అంటే పెట్టెల లెక్కలో), బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పీసుల్లోను నడుస్తున్నప్పుడు, నిన్నటిదాకా 48 పీసులున్న కేసును కంపెనీ 36 పీసులకు తగ్గిస్తే, ఆ మార్పు సాఫ్ట్‌వేర్‌లో నమోదయ్యేదాకా ప్రతి కేసుకూ 12 పీసులు ఎవరూ ముట్టకుండానే మాయమవుతాయి. స్కీం కింద వచ్చిన ఉచిత సరుకును లెక్కలోకి ఎక్కించకపోవడం, ఎక్స్‌పైరీ సరుకు కంపెనీకి తిరిగి వెళ్లినా క్రెడిట్ నోట్ (దాని విలువను మన ఖాతాలో జమచేసినట్లు కంపెనీ ఇచ్చే పత్రం) రాకపోవడం కూడా ఇటువంటివే. వీటిని పక్కకు తీయకుండా ఒక మనిషి మీద వేలు చూపడం అన్యాయం.

సరుకును లెక్కించే రోజు ముందుగా ఎవరికీ తెలియకూడదు. గోదాముతో సంబంధంలేని ఇద్దరు మనుషులు, రిజిస్టరులోని అంకెలు చేతిలో లేకుండా, తాము చూసినదాన్నే కాగితం మీద రాయాలి. ఉండవలసిన సంఖ్య ముందే తెలిసినవాడి లెక్క తరచుగా ఆ సంఖ్య దగ్గరే ఆగుతుంది. పేర్చిన వరుసల్లో బయటికి కనిపించే పెట్టెలను మాత్రమే లెక్కించి ఊరుకోకుండా లోపలి పెట్టెలను దించి, కొన్నింటిని ఎత్తి చూడాలి. నాలుగు వైపులా నిండు పెట్టెలు ఉంచి, నడిమి గూట్లో ఖాళీ పెట్టెలకు మళ్లీ టేపు అంటించి పేర్చడం గోదాము దొంగతనాల్లో బాగా పాతబడిన పద్ధతి. విప్పి మళ్లీ అంటించిన అట్టపెట్టె మీద పాత టేపు ఊడినచోట అట్ట పైపొర లేచి ఉంటుంది. వేలితో తడిమినా తెలుస్తుంది.

తేడా నిజమని తేలాక కాగితాల వంతు వస్తుంది. నా అభిప్రాయంలో విచారణలో సగానికి పైగా పని ఇక్కడే పూర్తవుతుంది, కాని ఎక్కువమంది తొందరగా దాటేసేది కూడా దీన్నే. కంపెనీ ఇన్‌వాయిస్, సరుకు దించుకున్నప్పుడు రాసిన రసీదు, స్టాకు రిజిస్టరు, గేటు పాసు, వాహనం వెంట వెళ్లిన బిల్లు లేదా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ పోర్టల్‌లో తీసే పత్రం), కొట్టువాడు సంతకం చేసిన డెలివరీ కాపీ, ఈ ఆరింటినీ తేదీల వారీగా పక్కపక్కన పెట్టి, ఒకదానిలో ఉండి మరొకదానిలో లేని పంక్తిని వెతకాలి. గేటు పాసు లేకుండా వాహనం బయటికి వెళ్లిందంటే కాపలావాడి ప్రమేయమో నిర్లక్ష్యమో ఉన్నట్లు. గేటు పాసు ఉండి డెలివరీ కాపీ లేదంటే సరుకు దారిలో దిగినట్లు. డెలివరీ కాపీలన్నీ ఒకే చేతిరాతలో ఉంటే ఆ కొట్లవాళ్లను నేరుగా అడగవలసినట్లు. వాహనాలు సొంతవైతే ఫాస్టాగ్ స్టేట్‌మెంటులో టోల్ ప్లాజా దాటిన సమయం ఉంటుంది. గేటు రిజిస్టరు ప్రకారం ఉదయం 8 గంటలకు బయలుదేరిన వ్యాను గంట దూరంలోని టోల్‌ను 11 గంటలకు దాటితే, ఆ రెండు గంటలు ఎక్కడ ఆగిందన్నది విచారణలో తరువాతి ప్రశ్న అవుతుంది.

సరుకు సరిగానే ఉండి డబ్బు తగ్గుతున్న కేసుల్లో లైన్ సేల్స్‌మన్ (తనకు కేటాయించిన దారిలోని కొట్లకు తిరిగి డబ్బు వసూలు చేసే ఉద్యోగి) కలెక్షన్లను పరిశీలించాలి. సోమవారం ఒక కొట్టు ఇచ్చిన 20,000 రూపాయలను సొంతానికి వాడుకొని, గురువారం రెండో కొట్టు ఇచ్చిన డబ్బును మొదటి కొట్టు ఖాతాలో జమచేసి, ఆ తరువాత మూడో కొట్టు డబ్బుతో రెండోదాన్ని పూడ్చుకుంటూ పోయే మోసం ఏ ఒక్క ఖాతాను చూసినా కనిపించదు. ఆ లైనులోని కొట్లన్నింటికీ బాకీ వయసు (బిల్లు ఇచ్చి ఎన్నాళ్లయినా డబ్బు రాలేదన్న లెక్క) ఒకేసారి వారం పది రోజులు పెరగడం, ఆ సేల్స్‌మన్ జ్వరం వచ్చినా సెలవు పెట్టకపోవడం, తన లైనును మరొకరికి అప్పగించడానికి ఒప్పుకోకపోవడం దీని గుర్తులు. బాకీ నిర్ధారణ చీటీలను యజమాని కార్యాలయం నుంచే కొట్లకు పంపి, జవాబులు కూడా అక్కడికే వచ్చేలా చూడాలి. చీటీలను ఆ సేల్స్‌మన్ చేతికే ఇచ్చి పంపితే పరిశీలన చేయకపోవడంతో సమానం. ఈ రోజుల్లో అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: కొట్టువాడు యూపీఐలో డబ్బు పంపింది సంస్థ క్యూఆర్ కోడ్‌కా, సేల్స్‌మన్ ఫోన్ నంబరుకా?

కాగితాలు రోజును, వేళను చూపించాక సీసీటీవీ దృశ్యాలు అక్కరకొస్తాయి, కాని అవి ఎక్కువ కాలం ఆగవు. హార్డ్ డిస్కు నిండగానే డీవీఆర్ (కెమెరా దృశ్యాలను నమోదు చేసే పరికరం) పాతవాటి మీద కొత్తవి రాసుకుంటుంది కనుక, అనుమానం కలిగిన రోజే కావలసిన భాగాన్ని కాపీ చేయించాలి. కాపీ చేసేముందు డీవీఆర్ గడియారాన్ని ఫోన్‌లోని సమయంతో పోల్చి ఎంత తేడా ఉందో రాసుకోవాలి, ఎందుకంటే 12 నిమిషాలు వెనకపడిన గడియారం వల్ల నిర్దోషి అయిన హమాలీ దొంగగా కనిపించవచ్చు. తెర మీద నడుస్తున్న దృశ్యాన్ని ఫోన్‌తో వీడియో తీసి అదే సాక్ష్యమనుకోవడం పొరపాటు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు కాపీతో పాటు నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం ఉండాలి. అందులో ఒక భాగాన్ని ఆ పరికరం బాధ్యత చూసే వ్యక్తి, రెండో భాగాన్ని నిపుణుడు నింపాలి, ఫైలు హాష్ విలువను (ఫైలులో చిన్న మార్పు జరిగినా మారిపోయే గుర్తింపు సంకేతాన్ని) నమోదు చేయాలి. ఇటువంటి ధ్రువపత్రం ఎందుకు అవసరమో పాత సాక్ష్య చట్టం కిందనే సుప్రీంకోర్టు 2014లోను, మళ్లీ 2020లోను స్పష్టం చేసింది.

నిఘాకు ఏజెన్సీని ఎంచుకునేటప్పుడు గుర్తుంచుకోవలసిన విషయం, మన దేశంలో ప్రైవేటు డిటెక్టివ్‌లకు లైసెన్సు ఇచ్చే ప్రత్యేక చట్టం లేదు. 2005 నాటి చట్టం సెక్యూరిటీ గార్డులను సమకూర్చే ఏజెన్సీలకు వర్తిస్తుంది. డిటెక్టివ్ ఏజెన్సీల నియంత్రణ కోసం 2007లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాలేదు. అందువల్ల ప్రభుత్వ గుర్తింపు ఉందని గోడకు తగిలించిన పటం కన్నా, రాతపూర్వక ఒప్పందానికి వాళ్లు సిద్ధపడతారా, అవసరమైతే నిఘా చేసిన మనిషి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెబుతాడా అన్న రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులు ముఖ్యం. మూడో ప్రశ్న మీరు అడగనవసరం లేదు, కొందరు తమంతట తామే చెబుతారు: ఫలానావాడి కాల్ డేటా, బ్యాంకు స్టేట్‌మెంటు తెప్పిస్తామని. ఆ మాట వినగానే లేచి వచ్చేయాలి. అక్రమంగా కాల్ రికార్డులు సంపాదించిన వ్యవహారాల్లో 2013లో ఢిల్లీలోను, 2018లో ఠాణేలోను ప్రైవేటు డిటెక్టివ్‌లు అరెస్టయ్యారు. అటువంటి సమాచారాన్ని డబ్బిచ్చి కొన్నవారు తాము బాధితులమని చెప్పుకున్నా చట్టం ముందు చిక్కు తప్పదు.

ఇక నిఘా. బహిరంగ స్థలంలో ఎవరికైనా కనిపించే దాన్ని గమనించడం, ఫోటో తీయడం వరకే దాని హద్దు. ఇంటి ఆవరణలోకి వెళ్లడం, ఉద్యోగి సొంత బండికి ట్రాకర్ అంటించడం, ఫోన్‌లో గూఢచారి యాప్ వేయడం, పోలీసుననో ప్రభుత్వ ఉద్యోగిననో చెప్పుకోవడం ఆ హద్దుకు అవతలివి. సంస్థ సొంత వ్యానులో జీపీఎస్ పెట్టుకోవడం మాత్రం వేరే సంగతి, దాని గురించి డ్రైవరుకు ముందే చెప్పి సంతకం తీసుకోవడం మంచిది. గమనించవలసిన ఉద్యోగి మహిళ అయితే మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే వెంటపడటం భారతీయ న్యాయ సంహిత (నేరాలనూ శిక్షలనూ చెప్పే చట్టం) 78వ సెక్షన్ కింద నేరం. నిజమైన విచారణ అని చెప్పుకున్నా తప్పించుకోగలమన్న హామీ ప్రైవేటు వ్యక్తికి లేదు.

మన ఊళ్లలో నిఘాకు ఉన్న అసలు ఇబ్బంది చట్టం కన్నా జనం. హైదరాబాద్ బేగంబజార్ రద్దీలో ఒక మనిషి రెండు గంటలు నిలబడినా అడిగేవారుండరు గానీ, చిన్న పట్టణంలోని వీధిలో కొత్త ముఖం పావుగంట ఆగితే ఎవరో ఒకరు అరుగు మీద నుంచే “ఎవరి తాలూకండీ మీరు?” అని అడుగుతారు. అందుకే అటువంటి చోట ఇంటి దగ్గర కాకుండా, సరుకు చేరవలసిన చోట కాపు కాయడం మేలు. ఎదురుగా ఉన్న టీ కొట్టు, ఆటో స్టాండు, మెకానిక్ షెడ్డు వంటి, మనిషి ఊరికే కూర్చున్నా వింతగా అనిపించని స్థలాన్ని ఒకరోజు ముందే చూసుకోవాలి. ఇద్దరు మనుషులు, రెండు వేర్వేరు బళ్లు ఉండాలి; వ్యానును ఒక బండి మలుపు దాకా అనుసరించాక రెండోది అందుకోవాలి. వ్యాను కనుమరుగైతే వదిలేయాలి, సిగ్నల్ దాటి వెంటపడకూడదు. నిజంగా దొంగతనమే అయితే ఆ వ్యాను అదే దారిన మళ్లీ వస్తుంది.

నిఘా నోట్సులో అభిప్రాయాలకు చోటు లేదు. “అనుమానాస్పదంగా ప్రవర్తించాడు” అన్న వాక్యం ఎందుకూ పనికిరాదు. “సాయంత్రం 6.40కి గోదాము వెనక గేటు నుంచి నీలిరంగు ట్రాలీ ఆటోలోకి ఏడు పెట్టెలు ఎక్కించారు, ఆటో నంబరులో చివరి నాలుగంకెలు కనిపించాయి, స్టోర్ కీపర్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, 6.52కి ఆటో బయలుదేరింది” అన్నది పనికొస్తుంది. నోట్సు అప్పటికప్పుడు రాసుకోవాలి, సాయంత్రం గుర్తు చేసుకొని రాయకూడదు, తరువాత దిద్దకూడదు.

దొంగసరుకు ఫలానా కొట్టుకు చేరుతోందని తెలిస్తే, అక్కడ ఒక సాక్షి సమక్షంలో కొద్దిగా సరుకు కొని, బిల్లు ఇస్తే బిల్లునూ, ఇవ్వకపోతే యూపీఐ చెల్లింపు వివరాన్నీ, కవరునూ భద్రపరచాలి. బ్యాచ్ నంబరు ఒకటే అయినంత మాత్రాన ఆ సరుకు మీదేనని రుజువు కాదు, అదే బ్యాచ్ మరో డిస్ట్రిబ్యూటరుకూ వెళ్లి ఉండవచ్చు. అందుకే అనుమానం ఉన్న రకం సరుకులో కొన్ని పెట్టెల లోపలి మడతల మీద, అతినీలలోహిత దీపం కింద మాత్రమే కనిపించే ఇంకుతో ముందుగానే గుర్తు పెట్టి, ఏయే పెట్టెలకు పెట్టారో తేదీతో రాసి ఇద్దరు సంతకాలు చేసి ఉంచాలి.

ఉద్యోగిని పిలిచి అడిగే ఘట్టంలో చాలా కేసులు చెడిపోతాయి. గది తలుపు వేసి, ఫోన్ లాక్కొని, రాత్రి దాకా కూర్చోబెట్టి సంతకం చేయించుకుంటే అది అక్రమ నిర్బంధం అవుతుంది. బెదిరించో ఆశచూపో రాబట్టిన ఒప్పుకోలు కోర్టులో నిలవదు, దొంగతనం చేసినవాడు ఫిర్యాదుదారుగా మారతాడు. తలుపు తీసి ఉంచి, ఇద్దరి సమక్షంలో, పనివేళల్లోనే కాగితాలను ఒక్కొక్కటిగా చూపి వివరణ అడగాలి. లేచి వెళ్తానంటే వెళ్లనివ్వాలి. ఉద్యోగం నుంచి తీసివేసే నిర్ణయం అక్కడికక్కడ ప్రకటించకుండా, ఆరోపణలను రాతపూర్వకంగా ఇచ్చి, జవాబుకు గడువిచ్చి, విచారణ జరిపిన తరువాతే తీసుకోవాలి.

పోలీసు ఫిర్యాదులో డిటెక్టివ్ రిపోర్టును యథాతథంగా జతచేస్తే సరిపోదు. ఎంత సరుకు, ఏ తేదీల మధ్య, ఏ విలువ, ఏ కాగితాన్ని బట్టి తేలింది అన్నవి పట్టికగా ఇవ్వాలి. యజమాని ఆధీనంలోని సరుకును ఉద్యోగి దొంగిలిస్తే న్యాయ సంహిత 306, తనకు అప్పగించిన సరుకునో డబ్బునో సొంతం చేసుకుంటే 316, లెక్కలను తారుమారు చేస్తే 344, దొంగసొత్తని తెలిసీ కొన్న కొట్టువాడికి 317 వర్తించవచ్చు. ఏది పెట్టాలో నిర్ణయించేది పోలీసులు కనుక ఫిర్యాదులో వాస్తవాలను స్పష్టంగా రాయడమే మీ పని. ఫిర్యాదును ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లోగా సంతకం చేయాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

బీమా సంగతి కూడా అదే వారంలో చూసుకోవాలి. మామూలు బర్గలరీ పాలసీ తాళం పగలగొట్టి జరిగే దొంగతనానికే గానీ సొంత సిబ్బంది చేసినదానికి సాధారణంగా వర్తించదు. దానికి ఫిడెలిటీ గ్యారంటీ పాలసీ (సిబ్బంది చేసే మోసం వల్ల కలిగే నష్టానికి బీమా) వేరే ఉంటుంది, అందులో సమాచారం ఇవ్వడానికి పెట్టిన గడువు దాటితే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. పోలీసులు స్వాధీనం చేసుకున్న సరుకు గడువు తీరిపోయే రకమైతే, కేసు ముగిసేదాకా ఆగకుండా దాన్ని తాత్కాలికంగా తిరిగి ఇప్పించమని భారతీయ నాగరిక సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు నడిపే విధానాన్ని చెప్పే చట్టం) 497వ సెక్షన్ కింద కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు; ఫోటోలు, బ్యాచ్ వివరాలు, కొనుగోలు ఇన్‌వాయిస్ జతచేసి ఉంటే పని త్వరగా సాగుతుంది.