సెల్ఫ్ కొడితే టక్‌మని ఆగిపోయే కారు: నాకు తప్పు ఎర్త్ పట్టీలో దొరికింది

తాళం తిప్పితే టక్‌మని ఒక చప్పుడు, డ్యాష్‌బోర్డు లైట్లన్నీ మసకబారడం, ఒక్కోసారి స్టీరింగ్ వార్నింగ్ కూడా. కాసేపాగి తిప్పితే మామూలుగానే స్టార్టయ్యేది. కొత్త బ్యాటరీ, సెల్ఫ్ మోటారు సర్వీసు, ఆల్టర్నేటర్ చెకింగ్, వేటితోనూ పోలేదు.

చివరికి పట్టిచ్చింది మామూలు మల్టీమీటర్. 20 వోల్టుల డీసీలో పెట్టి, ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే), రెండోది ఇంజను బ్లాకు మీద రంగు లేని బోల్టుకు ఆనించాను. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంట్లోవాళ్లను సెల్ఫ్ కొట్టమన్నాను. ఈ రెండు చోట్ల మధ్య తేడా 0.3 వోల్టులు దాటకూడదు, 1.4 చూపించింది. రెండో ప్రోబ్ బాడీకి మార్చి మళ్లీ కొట్టిస్తే 0.1 లోపే. అంటే బాడీ దాకా బాగానే ఉంది, అక్కడి నుంచి ఇంజనుకు వెళ్లే ఎర్త్ పట్టీలోనే (ఇంజనును బాడీకి కలిపే తీగల అల్లిక, కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) అడ్డు. దయచేసి ఈ కొలత తీయకుండా బ్యాటరీకి డబ్బు పెట్టకండి.

ముందు బ్యాటరీ నెగటివ్ విప్పాను. గేర్‌బాక్సు దగ్గర పట్టీ బోల్టు తీస్తే దాని కింద పచ్చటి చిలుము, చుట్టూ తుప్పు పొడి. రెండు చివరలూ, అవి కూర్చునే చోటూ ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించాకే పైన పెట్రోలియం జెల్లీ రాశాను. మళ్లీ కొలిస్తే 0.1. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఒక్కసారీ మొరాయించలేదు. చిలుము తీగల అల్లిక లోపలికి పాకి ఉంటే మాత్రం పట్టీ మార్చాల్సిందే.

మీ కారులోనూ ఇదేనని చెప్పలేను. రెండు కొలతలూ తక్కువే వస్తే పాజిటివ్ కేబులు, స్టార్టర్ రిలే (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్) వైపు చూడండి. బ్యాటరీ విప్పాక గడియారం, ఆటో విండోలు మళ్లీ సెట్ చేసుకోవాల్సి రావచ్చు.